వానల్లో చిన్న ఫెర్న్‌లను వెతకబోయే ముందు జాగ్రత్తలు

వానలు మొదలవగానే హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ గుట్టల పగుళ్లలోనూ పచ్చికలోనూ చిన్న ఫెర్న్‌లు (పూలు, గింజలు లేకుండా బీజాంశాలనే పొడిలాంటి సూక్ష్మ కణాలతో వ్యాపించే మొక్కలు) కనిపిస్తాయి.

• దయచేసి మొక్కను పెరకవద్దు. ఒకే ఆకు, దాని నుంచి నిటారుగా లేచే బీజాంశాల కంకి ఉండే ఓఫియోగ్లాసమ్ అనే ఫెర్న్ నేలలోని శిలీంధ్రం తోడుతో బతుకుతుంది కనుక, కుండీలోకి మారిస్తే నిలదొక్కుకోవడం చాలా కష్టం.

• పచ్చికలో వంగి చూశాకే అడుగు వేయండి. చాలాసార్లు ఓఫియోగ్లాసమ్ వేలెడెత్తు కూడా ఉండదు.

• ఎండి ముడుచుకున్న మయూరశిఖ అనే ఫెర్న్‌ను చచ్చిందనుకుని వదిలేయవద్దు. తడి తగిలితే దాని విసనకర్ర ఆకులు మళ్లీ విచ్చుకుంటాయి, ఆ మార్పు తప్పక చూడదగినది.

• ఆకు అడుగు భాగాన్నీ ఫొటో తీయండి, ఎందుకంటే చాలా ఫెర్న్‌లలో జాతిని తేల్చడానికి అక్కడి బీజాంశ సంచుల అమరిక కీలకం.

• మయూరశిఖను మందు కోసం సేకరిస్తారు కనుక, అది పెరిగే కచ్చితమైన చోటును బహిరంగంగా రాయవద్దు.