రాత్రి బండిలో ఫ్రిజ్ ఆగిపోతోందా? బ్యాటరీ కొనే ముందు వైరు చూడండి

మాది పాత డీజిల్ పికప్. వెనక తొట్టెలో 12 వోల్టుల 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్, 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ, పైన 100 వాట్ల సోలార్ ప్యానెల్, నీళ్ల ట్యాంకు, దానికో చిన్న పంపు. కళింగపట్నం, బారువ వెళ్లినా, అటు శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కినా, ప్రతిసారీ ఏదో ఒకటి మొరాయించేది.

ఫ్రిజ్ అర్ధరాత్రి ఆగిపోతుంది, బ్యాటరీ మాత్రం సగం పైనే ఉంటుంది

భావనపాడులో కొన్న వంజరం తెల్లారేసరికి కంపు కొట్టింది. బ్యాటరీ పోయిందనుకుని టెక్కలి వెళ్లి పెద్దది రేటు అడిగితే, షాపాయన అమ్మడం మానేసి "ఏటి బాబూ, ముందు వైరు సూసుకో" అన్నాడు. మల్టీమీటరు పెడితే బ్యాటరీ దగ్గర 13.1 వోల్టులు, ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర మాత్రం కంప్రెసర్ లేచే క్షణంలో 11కి పడిపోతోంది. ప్లగ్గు పీకి పట్టుకుంటే వెచ్చగా ఉంది.

సంగతేంటంటే, నేను వేసింది 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, పోను అయిదు మీటర్లు, రాను అయిదు. కంప్రెసర్ లేచేటప్పుడు పది ఆంపియర్లు లాగితే ఆ తీగలోనే 1.2 వోల్టులు పోతాయి, మిగతాది వదులైన సిగరెట్ లైటర్ సాకెట్ మింగేస్తుంది. బ్యాటరీ ఖాళీ అయిందనుకుని ఫ్రిజ్ తనకు తానే ఆగిపోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు బ్యాటరీ నుంచి నేరుగా లాగండి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టండి, లైటర్ సాకెట్ తీసేసి గట్టిగా బిగిసే ప్లగ్గు వేయండి. ఫ్రిజ్‌లో కట్-ఆఫ్ (ఏ వోల్టేజీ దగ్గర ఆగాలో చెప్పే సెట్టింగు) 'హై' మీద ఉంటే తగ్గించొచ్చు, కానీ విడి బ్యాటరీ ఉంటేనే. బండి స్టార్ట్ చేసే బ్యాటరీ మీదే నడుపుతున్నారా, ఆ సెట్టింగు ముట్టుకోకండి, లేదంటే పొద్దున్నే ఊళ్లోవాళ్లని పిలిచి తోయించుకోవాలి.

మన సముద్రపు గాలికి టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన వ్యాజలిన్ రాయండి.

మూడో రాత్రికి బ్యాటరీ ఖాళీ

ఇది లెక్క తప్పడం. ఎండాకాలం ఫ్రిజ్ రోజుకి 600 వాట్ అవర్ల దాకా తింటుంది, ఫ్యాన్, ఫోన్లు కలిపితే 800. వంద వాట్ల ప్యానెల్ మంచి ఎండలో ఇచ్చేది 400. నిండు బ్యాటరీలో ఉండేది 1280, కాబట్టి రోజూ నాలుగొందలు తరిగిపోతుంటే ఎన్నాళ్లొస్తుంది? 200 వాట్లు వేసుకోండి. ఉద్దానంలో చల్లగా ఉందని కొబ్బరిచెట్ల కింద బండి ఆపారనుకోండి, ఒక్క మట్ట నీడ అడ్డంగా పడినా కరెంటు సగానికి పైగా పడిపోతుంది. బండి నీడలో, ప్యానెల్ ఎండలో ఉండేలా పొడుగు వైరుతో విడిగా పెట్టడం నయం.

డ్రైవింగ్‌లో ఛార్జ్ అవడం లేదంటే, కొన్ని బీఎస్6 బండ్లలో మెయిన్ బ్యాటరీ నిండగానే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) వోల్టేజీ తగ్గించేస్తుంది. రెండు బ్యాటరీలనీ కలిపే రిలే స్విచ్చి పెడితే చాలదు, వోల్టేజీని సరిచేసి రెండో బ్యాటరీకి ఇచ్చే డీసీ-డీసీ ఛార్జర్ కావాలి. పాత బండైనా ఆల్టర్నేటర్‌ని లిథియం బ్యాటరీకి నేరుగా కలపొద్దు, వేడెక్కిపోతుంది.

ఫ్రిజ్ నడుస్తూనే ఉంది, చల్లబడదు

గాలి బయటికి పోయే జాలీకి పరుపో దుప్పటో ఆనుకుని ఉంటుంది. బెత్తెడు ఖాళీ ఉంచండి. వేడి పులుసు గిన్నె లోపల పెట్టే అలవాటు మా ఇంట్లోనూ ఉంది, ఏం చెప్పినా వినరు.

పంపు తిరుగుతుంది, నీళ్లు రావు

ఘాట్ రోడ్డు కుదుపులకి ట్యాంకుకీ పంపుకీ మధ్య క్లిప్పు వదులై గాలి పీలుస్తుంది. అది బిగించి జల్లెడ కడగండి. కుళాయి కట్టేసి ఉన్నా రాత్రి పంపు ఉన్నట్టుండి టకటకమని తిరిగి ఆగిపోతోందంటే ఎక్కడో కారుతోంది. పొడి టిష్యూ కాగితం ప్రతి జాయింటు కిందా పెట్టి పడుకోండి, పొద్దున్న ఏది తడిసిందో చూడండి. మాకు తడిసింది కుళాయి కింద కాగితం, వాషరు మార్చాక మళ్లీ నిద్రలో లేవలేదు.