టూరింగ్ బైక్ కొనేముందు ఒక రోజు అద్దెకు తీసుకోండి

షోరూమ్ వాళ్లిచ్చే రెండు కిలోమీటర్ల టెస్ట్ రైడ్‌లో ఏ బండైనా బాగానే అనిపిస్తుంది. నడుము నొప్పి మొదలయ్యేది వంద కిలోమీటర్లు దాటాకే. అందుకే మనసులో ఉన్న మోడల్‌ని ఒక రోజు అద్దెకు తీసుకుని, మీరు నిజంగా తిరిగే లాంటి దారిలో నడపండి.

హైదరాబాద్ వాళ్లకైతే శ్రీశైలం రోడ్డు సరిపోతుంది. హైవే, అడవి, ఘాట్ మలుపులు అన్నీ తగులుతాయి (రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవిలోకి వదలరు, చూసుకోండి). మీరు జంటగా వెళ్లే రకమైతే వెనక మనిషిని, 10 కిలోల బ్యాగుని కూడా ఎక్కించండి. టాప్ గేర్‌లో 70-80 స్పీడులో అరగంట వెళ్లాక అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయేమో గమనించండి. ఆపైన కొంచెం వాలుగా ఉన్న చోట ఆపి, మీరు దిగకుండానే కాళ్లతో బండిని వెనక్కి నెట్టి చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లనే చూడండి: మీటియర్ 350 సీటు ఎత్తు 765 మి.మీ., హిమాలయన్ 450ది 825 మి.మీ. కాగితం మీద చిన్న తేడానే, పొట్టివాళ్లకి మాత్రం అక్కడే చెమటలు పడతాయి.

ఒక్క జాగ్రత్త: అద్దె బళ్లకి చైన్, సస్పెన్షన్ అరిగిపోయి ఉండొచ్చు. అలాంటిది దొరికితే వైబ్రేషన్, కుదుపుల గురించి ఏమీ తేల్చుకోకండి. కూర్చునే తీరు, బరువు, ఎత్తు వరకే చూడండి.