పికప్ బండి అప్పుడప్పుడు లింప్ మోడ్‌లోకి పోతుంటే కారణం ఎలా పట్టుకోవాలి

లోడుతో ఘాట్ ఎక్కుతుంటే ఉన్నట్టుండి చెక్ లైట్ వెలుగుతుంది, ఎంత రేస్ ఇచ్చినా బండి లాగదు, ఆర్‌పీఎం రెండు రెండున్నర వేల దగ్గరే ఆగిపోతుంది. పక్కకు ఆపి, తాళం తీసి మళ్లీ పెడితే ఏమీ జరగనట్టే నడుస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లిన రోజు మాత్రం అస్సలు రాదు. కామన్ రైల్ డీజిల్ పికప్ నడిపేవాళ్లలో చాలామందికి ఈ టెన్షన్ తెలిసే ఉంటుంది. ఇంజిన్ కంప్యూటర్‌కు ఏదో లెక్క తేడాగా కనిపించింది, ఇంజిన్ పాడవకుండా డీజిల్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) ప్రెషర్ తగ్గించేసింది, అంతే. దీన్నే లింప్ మోడ్ అంటారు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో కనుక్కోవడమే మన పని.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్తాను: తప్పు ఏమిటో చెప్తూ కంప్యూటర్ దాచుకునే కోడ్ రాసుకోకుండా ఎవరినీ ఎర్రర్ చెరిపేయనివ్వకండి. ‘స్కానింగ్ చేసి క్లియర్ చేశాం సార్, ఇక రాదు’ అంటారు, కానీ కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తప్పు జరిగిన క్షణంలో స్పీడెంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ మీద లోడెంత, వేడెంత అన్నది అందులోనే ఉంటుంది. వచ్చిపోయే జబ్బుకు దాన్ని మించిన సాక్ష్యం దొరకదు. బ్యాటరీ టెర్మినల్ తీసినా చాలా బండ్లలో అది చెరిగిపోతుంది, కాబట్టి ఆ చిట్కా కూడా వద్దు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో పెట్టే బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కుని ఫోన్‌కు కలిపితే కోడ్లు మీరే చదువుకోవచ్చు. పెండింగ్ కోడ్లు, అంటే కంప్యూటర్ ఇంకా ఖాయం చేయని తప్పులు కూడా చూడండి, లైట్ వెలగకముందే అక్కడ జాడ కనిపిస్తుంది.

దాంతోపాటు ఎప్పుడు వస్తోందో రాసి పెట్టుకోండి: లోడుతోనా ఖాళీగానా, ఎత్తు మీదా గతుకుల్లోనా, వాన పడ్డాకా, డీజిల్ తగ్గినప్పుడా. మదనపల్లె నుంచి టమాటా వేసుకుని వెళ్లే బండి ఎత్తు ఎక్కేటప్పుడే మొరాయించి మిగతా దారంతా బాగుంటే అనుమానం ముందు గాలి మీద, డీజిల్ మీద పెట్టాలి. చదునైన రోడ్డు మీద గతుకు తగలగానే వస్తే దాదాపుగా వైరింగే.

గాలి సంగతి. కోడ్ పీ0299 అంటే టర్బో ప్రెషర్ చాలట్లేదని అర్థం. టర్బో పోయిందేమో అని భయపడేముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది), అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు హోస్‌లు తడిమి చూడండి. చీలిక ఎక్కువగా కింది వైపు, క్లాంప్ అంచు పక్కనే ఉంటుంది. పైనుంచి చూస్తే హోస్ కొత్తదానిలాగే ఉంటుంది, కింద చెయ్యి పెడితే నూనె జిడ్డు, దాని మీద దుమ్ము అట్టకట్టి తగులుతుంది. ఐడ్లింగ్‌లో ఆ చీలిక మూసుకునే ఉంటుంది, లోడు పడి ప్రెషర్ పెరిగితేనే తెరుచుకుంటుంది, అందుకే షెడ్డులో దొరకదు. లాగేటప్పుడు బుస్‌మని శబ్దం, వెనక నల్లపొగ కనిపిస్తే ఇదే అనుకోండి. టర్బో ప్రెషర్‌ను అదుపు చేసే యాక్చువేటర్‌కు వెళ్లే సన్న వాక్యూమ్ పైపులు కూడా వేడికి ఎండి పగులుతాయి, చవకగా వస్తాయి, మార్చేయండి.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. రాత్రంతా ఆగిన బండికి తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, స్కానర్‌లో మ్యాప్ సెన్సార్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ప్రెషర్ కొలిచేది) విలువ చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో సుమారు 100 కిలోపాస్కల్స్ చూపించాలి, హైదరాబాద్ ఎత్తులో ఉంది కాబట్టి 95 దగ్గర ఉంటుంది. దానికి బాగా తేడాగా ఉంటే సెన్సార్‌నో దాని వైర్లనో అనుమానించాలి.

డీజిల్ వైపు కోడ్ పీ0087, అంటే రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే ఉమ్మడి గొట్టం) ప్రెషర్ పడిపోతోంది. పొగ లేకుండా బండి నీరసంగా ఉంటే కోడ్ రాకపోయినా ఇదే చూడండి. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే ఆలోచించకుండా మార్చండి, అడుగున ఉన్న స్క్రూ వదిలి నీళ్లు గాజు సీసాలోకి దించి చూడండి. ఆ తర్వాత పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని, కంప్యూటర్ అడుగుతున్న ప్రెషర్, నిజంగా వస్తున్న ప్రెషర్ రెండూ ఫోన్‌లో రికార్డ్ చేస్తూ ఎత్తు ఎక్కండి. నిజమైనది వెనకబడిపోతుంటే ఫిల్టర్, ట్యాంక్ పైపులో గాలి, పంపు, రెగ్యులేటర్, ఈ వరసలో వెళ్లండి. ఒక జాగ్రత్త: ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఇంజెక్టర్ పైపులు వదులు చేయొద్దు, లీకును చేత్తో తడమొద్దు. లోడు మీద రైల్లో వెయ్యి బార్లు దాటే ప్రెషర్ ఉంటుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇక వైరింగ్. నా లెక్కలో వచ్చిపోయే లింప్ మోడ్‌కు అసలు చోటు ఇదే, అయినా ఎవరూ ఓపిగ్గా చూడరు, సెన్సార్ మార్చి పంపించేస్తారు. పీ2138 లాంటి ఆక్సిలరేటర్ పెడల్ కోడ్ వచ్చిందనుకోండి. పెడల్‌లో రెండు సెన్సార్లుంటాయి, చాలా బండ్లలో ఒకదాని వోల్టేజీ రెండోదానికి సరిగ్గా రెట్టింపు ఉంటుంది, ఆ లెక్క తప్పితే కంప్యూటర్ నమ్మడం మానేస్తుంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో పెట్టి, రెండు వోల్టేజీలూ స్క్రీన్ మీద చూస్తూ, వైర్ల కట్టను జానెడు జానెడుగా కదుపుతూ రండి. అంకె ఎగిరిపడిన చోట ఆగండి. బ్రాకెట్ మీదుగా వంగే చోట నల్ల గొట్టం తీసి చూస్తే పైపొర అరిగి రాగి బయటపడి, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, కొన్నిసార్లు ఎలుక పంటిగాటు ఉంటుంది. కప్లర్లు ఊడదీసి పిన్నులు వదులయ్యాయేమో, నీళ్లు దిగాయేమో చూడండి. చాలా సెన్సార్లకు ఐదు వోల్టుల సరఫరా ఉమ్మడిగా వస్తుంది కాబట్టి ఒకదాని వైరు బాడీకి తగిలితే సంబంధం లేని రెండు మూడు కోడ్లు ఒకేసారి వస్తాయి. అలా వస్తే మూడు సెన్సార్లు కొనకండి, ఆ ఒక్క వైరు వెతకండి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీ విప్పి, తుప్పు గీకి బిగించండి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండ్లలో డీపీఎఫ్ (సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్) ఉంటే పీ2463 చూడండి, మసి నిండిందని అర్థం. ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండికి ఇది మామూలే. అరగంట హైవే మీద ఆపకుండా నడిపితే చాలాసార్లు తనే కాల్చుకుంటుంది, మధ్యలో ఇంజిన్ ఆపకండి. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి ఇరుక్కున్నా లింప్ వస్తుంది, శుభ్రం చేయిస్తే చాలావరకు సరిపోతుంది.

రోడ్డు మీద వచ్చినప్పుడు హజార్డ్ లైట్లు వేసి పక్కకు ఆపండి. ఆయిల్ లైట్ వెలిగినా, వేడి ముల్లు ఎక్కువ చూపించినా స్టార్ట్ చేయకుండా టోయింగ్‌కు ఫోన్ చేయండి. అవి బాగుంటే కోడ్ ఫోటో తీసుకుని, నిమిషం ఆగి స్టార్ట్ చేసి నెమ్మదిగా దిగిపోండి. రిపేర్ అయ్యాక ఖాళీ బండితో ఒక రౌండ్ వేసి సరే అనుకోకండి, అదే లోడు, అదే ఎత్తు మళ్లీ ఎక్కించి, పెండింగ్ కోడ్ లేదని చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.