చైనీస్‌లో గాలి చప్పుళ్లు, వేగం చెప్పే మాటలు ఎలా నేర్చుకోవాలి?

మాండరిన్, అంటే ప్రామాణిక చైనీస్, నేర్చుకునేవాళ్లు చాలామంది ధ్వన్యనుకరణ పదాల్ని ఆఖరికి వదిలేస్తారు. రివ్వున, సర్రున, గిరగిరా అంటూ పెరిగిన మనం మాత్రం వాటితోనే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

ముందు 'హూహూ' పట్టుకోండి. గాలి వీచే చప్పుడది. 'హూ' అంటే ఊపిరి వదలడం కూడా, అందుకే గురకకూ అదే మాట. అరచేయి నోటి ముందు పెట్టుకుని పలకండి, చేతికి గాలి తగలాలి.

తర్వాత స్వరం, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎక్కే దిగే తీరు. మాండరిన్‌లో ఇవి నాలుగు. ఈ మాటల్లో ఎక్కువ భాగం మొదటి స్వరంలో ఉంటాయి. పై షడ్జమాన్ని కదలకుండా నిలిపినట్టు పలకాలి. ఆకులు రాసుకునే 'షాషా', బాణం దూసుకెళ్లే 'సోఉ' అలాంటివే. గాలి సవ్వడిగా వచ్చే 'సాసా' మాత్రం నాలుగో స్వరం, పైనుంచి కిందికి జారుతుంది.

మూడో మెట్టు దగ్గర కాసేపు ఆగండి. సర్రున అంటే ఒక్క కదలిక, సరసరా అంటే సాగే పని. చైనీస్‌లోనూ ఇదే లెక్క. బాణం ఒక్కసారి దూసుకుపోతే 'సోఉ ద ఇ షంగ్', అంటే 'సోఉ' అని ఒక చప్పుడు. మన 'సర్రుమని'లో 'అని' చేసే పనే ఇక్కడ 'ద' చేస్తుంది. చలిగాలి విడవకుండా కోస్తుంటే 'సోఉసోఉ'. ముందు చల్లదనం చెప్పే 'లంగ్' చేర్చి 'లంగ్‌సోఉసోఉ' అంటే ఒళ్లు జివ్వుమనే చలి.

చప్పుడే లేని వేగానికీ ఈ మాటలు పనికొస్తాయి. 'ల్యెన్ ష్వా ద పాయ్ ల' అంటే మొహం ఒక్కసారిగా పాలిపోయింది అని. ఇందులో 'ష్వా' చప్పుడు మాట. గుండె ఝల్లుమన్నప్పుడు మాత్రం బయటికి ఏం వినిపిస్తుంది?

చైనీస్ లిపిలో రాసేటప్పుడు బాణం 'సోఉ' అక్షరంలో ఒక పక్క నోటిని సూచించే గుర్తు, చలిగాలి 'సోఉ' అక్షరంలో గాలిని సూచించే గుర్తు ఉంటాయి. మిగతా భాగం రెండింటికీ ఒకటే. విడిగా దానికి ముసలాయన అని అర్థం, ఇక్కడ ఉచ్చారణ కోసమే వచ్చింది. అర్థం కోసం తల పట్టుకోకండి.

గాలి సవ్వడికే ఉన్న మరో మాట 'శ్యావ్‌శ్యావ్' సంగతి వేరు. శ, ష తేడా పలికేవాళ్లకు నోరు సులువుగానే తిరుగుతుంది, కానీ ఇది కావ్యాల మాట. క్రీ.పూ. 227లో చిన్ రాజ్యపు రాజును చంపడానికి బయలుదేరిన జింగ్ ఖ, 'యీ' అనే నది ఒడ్డున పాడిన పాటలో గాలి ఇలాగే వీస్తుంది. వెళ్లిన వీరుడు తిరిగి రాడంటుంది ఆ పాట. అతను రాలేదు కూడా. బయట గాలి వీస్తోందని చెప్పడానికి ఈ మాట వాడకండి, దానికి 'హూహూ' ఉంది.