ఫుట్‌బాల్ ఆఫ్‌సైడ్ నేర్చుకుందాం, 3వ పాఠం: పాస్ వదిలిన ఆ క్షణం

కిందటి పాఠంలో ఆఫ్‌సైడ్ పొజిషన్ అంటే ఏంటో చూశాం కదా. అవతలి టీమ్ హాఫ్‌లో ఉండాలి, బాల్ కంటే ముందుండాలి, వాళ్ళ చివరి ఇద్దరిలో ఇవతలివాడి కంటే కూడా గోల్‌లైన్‌కి దగ్గరగా ఉండాలి, మూడూ కలిస్తేనే. సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు, చేతులు లెక్కలోకి రావు. ఇది ఇంకా తడబాటుగా ఉంటే ముందు అదే ఇంకోసారి చదవండి, ఇవాళ్టిదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఇవాళ ఒకటే ప్రశ్న. ఆటగాడు ఎక్కడున్నాడో ఎప్పుడు చూడాలి?

బాల్ అందుకున్నప్పుడు కాదు, తోటి ఆటగాడి కాలికో తలకో బాల్ తగిలిన క్షణంలో చూడాలి. చదివితే చిన్న మాటే గానీ టీవీ ముందు కూర్చున్నాక కళ్ళు బాల్ వెంటే పరిగెడతాయి, అందుకే చేత్తో చేసి చూడాలి.

క్యారమ్ బోర్డు తీయండి. తెల్లకాయలు మనవాళ్ళు, నల్లకాయలు అవతలివాళ్ళు, ఎర్రకాయ బాల్, ఎదురుగా ఉన్న చెక్క అంచు గోల్‌లైన్ అనుకోండి. ఆ అంచు మధ్యలో ఒక నల్లకాయ పెట్టండి, అది కీపర్. దానికి జానెడు ఇవతల ఇంకో నల్లకాయ, అది డిఫెండర్. సరిగ్గా ఆ డిఫెండర్ పక్కనే సమానంగా ఒక తెల్లకాయ, మీ దగ్గర్లో ఇంకో తెల్లకాయ, దాన్ని ఆనుకుని ఎర్రకాయ. ఇప్పుడు ఒక వేలితో ఎర్రకాయని ముందుకి నెట్టండి, అది కదిలాకే రెండో చేత్తో ముందున్న తెల్లకాయని కూడా జరపండి. రెండూ కలిసే చోట తెల్లకాయ డిఫెండర్‌ని నాలుగు వేళ్ళు దాటేసి ఉంటుంది. ఆఫ్‌సైడా? కాదు, బాల్ వదిలినప్పుడు సమానంగానే ఉన్నాడు.

ఇప్పుడు తిరగేసి ఆడండి. తెల్లకాయని మొదటే డిఫెండర్ కంటే నాలుగు వేళ్ళు ముందు పెట్టండి, ఎర్రకాయ కదిలాక తెల్లకాయని వెనక్కి లాగి, డిఫెండర్‌కి ఇవతల బాల్ అందుకోనివ్వండి. ఇది ఆఫ్‌సైడ్. వెనక్కొచ్చి తీసుకున్నాడు కదా అనిపిస్తుంది, నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, కానీ వాడి స్థానం బాల్ వదిలిన క్షణంలోనే ఖరారైపోయింది, తర్వాత ఎంత పరిగెత్తినా మారదు. రెండు ఆటలూ పదేసిసార్లు చెయ్యండి, నిజంగా చెయ్యండి.

ఇంకోటి, మనవాళ్ళ ప్రతి టచ్‌కీ లెక్క కొత్తగా మొదలవుతుంది. 2022 వరల్డ్ కప్ మొదటి మ్యాచ్ గుర్తుందా, ఖతార్ మీద ఈక్వెడార్, మూడో నిమిషంలోనే ఈక్వెడార్ ఆటగాడు ఎన్నర్ వాలెన్సియా హెడ్ చేసి గోల్ కొట్టేశాడు, వీఏఆర్, అంటే వీడియో చూసి తేల్చే పద్ధతి, దాన్ని రద్దు చేసింది. చాలామంది వాలెన్సియాని చూసి వీడు బానే ఉన్నాడుగా అనుకున్నారు. తప్పు అతనిది కాదు, అంతకుముందు అదే టీమ్‌లోని ఫెలిక్స్ టోరెస్ ఖతార్ కీపర్‌తో పాటు ఎగిరి తలతో బాల్ తాకినప్పుడు, ఇంకో ఈక్వెడార్ ఆటగాడు ఎస్ట్రాడా కాలు ముందుకుంది. కీపర్ బాల్ కోసం బయటికి వచ్చేశాడు, దాంతో ఎస్ట్రాడాకీ గోల్‌లైన్‌కీ మధ్య మిగిలింది ఒక్క డిఫెండరే. చివర్లో ఉండేది కీపరే అని కంటికి అలవాటైపోయింది గానీ చివరివాడు కీపరే కావాలని రూల్‌లో లేదు, చివరి నుంచి రెండోవాడు ఎవరైనా కావచ్చు. బోర్డు మీద కీపర్ కాయని ముందుకి తెచ్చి చూడండి, అర్థమైపోతుంది.

రెండు రోజుల తర్వాత సౌదీ వాళ్ళు అర్జెంటీనా మీద ఈ క్షణాన్నే ఆయుధంగా వాడారు. డిఫెన్స్ లైన్‌ని తమ గోల్‌కి దూరంగా, బాగా పైకి పెట్టి ఆడారు, ఫస్ట్ హాఫ్‌లోనే అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్‌గా పోయాయి, చివరికి సౌదీ 2-1తో గెలిచింది. నాకు ఎప్పటికీ ఇష్టమైన మ్యాచ్ అది, అంత ధైర్యంగా లైన్ నిలబెట్టడం మామూలు విషయం కాదు. ఆ టోర్నమెంట్‌లో బాల్ లోపల సెన్సర్ పెట్టి సెకనుకి 500 సార్లు డేటా తీసుకున్నది కూడా ఈ తాకిన క్షణం కచ్చితంగా పట్టుకోవడానికే.

గోల్ కిక్, త్రో ఇన్, కార్నర్, ఈ మూడింటి నుంచి నేరుగా బాల్ అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు. నేరుగా అన్నది మర్చిపోవద్దు. షార్ట్ కార్నర్‌లో కిక్ కొట్టినవాడు కార్నర్ జెండా దగ్గరే నిలబడిపోయి తిరిగి పాస్ అందుకుంటే, అది రెండో టచ్ కాబట్టి రూల్ మళ్ళీ మొదలవుతుంది, డిఫెండర్లు అప్పటికి బయటికి వచ్చేసి ఉంటే లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తుతాడు.

ఈ వారం పని: దగ్గర్లో గ్రౌండ్‌లో పిల్లలు ఆడుతుంటే వెళ్ళి సైడ్ లైన్ బయట, చివరి నుంచి రెండోవాడికి సరిగ్గా ఎదురుగా నిలబడండి, అతను కదిలితే మీరూ కదలండి. కళ్ళు డిఫెన్స్ లైన్ మీదే ఉంచండి, బాల్ కోసం తల తిప్పకండి, కాలికి బాల్ తగిలిన చప్పుడు వినపడగానే ఎవరు ఎక్కడున్నారో మనసులో పట్టుకోండి. పావుగంట చాలు. పొజిషన్‌లో ఉండి కూడా బాల్ ముట్టుకోనివాడి సంగతి వచ్చే పాఠంలో చూద్దాం.