ధర కట్టే ముందు ఒక పూట కూర్చోండి

చేతిపని అమ్మే చిన్న దుకాణం పెట్టాలనుకునేవారికి ఒక మాట. ధర కట్టే ముందు, ఆ పని చేసేవారి పక్కన ఒక పూట కూర్చోండి.

శ్రీకాకుళంలో ఖాదీ దుకాణం తెరవడానికి ముందు నేను, చేతితో వడికి నేసే ఖాదీకి పేరున్న పొందూరు వెళ్లాను. ఒక పెద్దావిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతున్నారు. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి నలక రాలిపోయి, గింజను అంటిపెట్టుకున్న దూది పొగలా విచ్చుకుంటోంది. తరువాత రాట్నం దగ్గర నేనూ ప్రయత్నించాను. పోగు తెగుతూనే ఉంది.

ఇంటికి రాగానే ఒక పుస్తకం తెరిచాను. ప్రతి బట్టకూ పట్టిన రోజులు, వడికినవారి కూలి, నేసినవారి కూలి, రవాణా, చివరన నా లాభం రాస్తాను. కూలి అంకె చుట్టూ ఎర్ర సిరాతో గీత గీస్తాను. బొమ్మ వేసేవారు ముఖం కుదిరాక దాన్ని చెరపరు, మిగతాదంతా దాని చుట్టూ సర్దుకుంటారు. కూలి అంకె కూడా అంతే, దాన్ని ముట్టుకోను. బేరం వస్తే నా లాభంలోంచే తగ్గిస్తాను, అదీ కుదరకపోతే అమ్మను.

నేతలో చిన్న ముడి ఉంటే మడతలో దాచకండి. వేలితో చూపించి, ఎందుకు వచ్చిందో చెప్పండి. మిల్లు నూలు కలిసిన బట్టకు వేరే అర పెట్టండి.