తంజావూరు పటం ఆర్డరు ఒప్పుకునే ముందు జాగ్రత్తలు

చెన్నైలో మనవాళ్లు గృహప్రవేశానికో, షష్టిపూర్తికో పటం చేయించుకుంటారు. అడ్వాన్సు చేతిలో పడకముందే ఇవి తేల్చుకోండి.

- కొలత ఫ్రేముతో కలిపా, విడిగానా? పూజగది గూటిలో పెట్టేదైతే లోపలి కొలతను టేపుతో సహా ఫొటో తీసి పంపమనండి.

- పటం మీద అతికే రేకు 22 క్యారెట్ల బంగారమా, ఇమిటేషనా, బిల్లులో రాయండి. కొత్తలో రెండూ మెరుస్తాయి. ఇమిటేషన్ రేకు తర్వాత నల్లబడితే పోయేది మీ మీద నమ్మకమే.

- స్కెచ్ మీదే ముఖం, చేతులు, ఆయుధాలు చూపించి వాట్సాప్‌లో ‘సరే’ తీసుకోండి. పెరుమాళ్ల పటమైతే ఏ వైష్ణవ శాఖ నామమో తప్పక అడగాలి: ముక్కు మీదికి పాదం దిగేది తెంగలై శాఖది, పాదం లేనిది వడగలై శాఖది. సుద్దా జిగురూ కలిపిన ముద్దతో ఉబ్బెత్తు పని చేసి, రాళ్లు అతికి, రేకు పరిచాక నామం మార్చమంటే అక్కడంతా గోకి మళ్లీ మొదలుపెట్టాలి. ఇంటి పెద్దవాళ్లకూ స్కెచ్ చూపించమనండి. అభ్యంతరం చాలాసార్లు వాళ్ల దగ్గరే వస్తుంది.

- అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ముద్ద త్వరగా ఆరదు. గడువుకు పది రోజులు కలిపి చెప్పండి.

- ప్రింట్లు మీరూ అమ్ముకోవాలంటే ముందే రాయించుకోండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి గీయించుకున్నవారిదే హక్కు.